అద్దాల పెట్టెలో పెరుగు ఠేకి

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న పిల్లలకు నేను రిటైరయ్యానని తెలుసు గాని, దేన్నుంచి రిటైరయ్యానో తెలియదు. మొన్న వైఫై రావడం లేదని పైకొచ్చిన వరంగల్ అమ్మాయి మాటల్లో మాటగా అడిగింది.

"ఆంటీ, మీరు మ్యూజియంల జాబ్ చేసిండ్రంట గదా! ఏం చేసేటోళ్లు?"

"డబ్బాలు చేసేదాన్నమ్మా."

ఆ పిల్ల మొహంలో జాలి కనిపించింది. పాపం, ఆంటీ కూడా మనలాగే వేర్‌హౌస్ బాపతే అనుకుని ఉంటుంది. అదీ పూర్తిగా తప్పు కాదు. మ్యూజియంలో జనం చూసేది ముందుభాగం. వెనక ఉండేది వేర్‌హౌసే. బాపట్లలో కెమిస్ట్రీ డిగ్రీ చేసి, తెనాలిలో ఒక స్కూలు ల్యాబ్‌లో పరీక్షనాళికలు కడిగి, విన్నిపెగ్ వచ్చి ఆ వేర్‌హౌస్‌లో చేరాను. ఏ వస్తువుకు ఆ వస్తువు కొలతతో ఫోమ్ కోసి, అది కదలకుండా కూర్చునేలా డబ్బా తయారుచేయడం నా పని. చేతికి గాజులు, ఉంగరాలు ఉండకూడదు. చలికాలంలో చేతులు పగిలినా లోషన్ రాసుకోకూడదు. మొదటి ఏడాది ఇదేం ఉద్యోగమని రోజూ విసుక్కునేదాన్ని. బేస్‌మెంట్ పిల్లలూ, మీరూ ఇప్పుడు చదివినదానికీ చేసేదానికీ పొంతన లేక విసుక్కుంటున్నారు కదా, అందుకే ఈ ముచ్చట మీకు చెబుతున్నాను. చివర్లో నీతి ఏమీ ఉండదు, భయపడకండి.

ఒక ఏడాది చలికాలానికి మా మ్యూజియంలో హిమాలయాల ఇళ్లలో వాడిన పాత చెక్క పాత్రల ప్రదర్శన పెట్టారు. నేపాల్‌లో చాలాకాలం పనిచేసి వచ్చిన దంపతులు తాము పోగుచేసినవన్నీ మాకు ఇచ్చేశారు. నెయ్యి దాచుకునేవి, ఉప్పు దాచుకునేవి, గింజలు పోసుకునేవి. ప్రతిదీ ఒకే మొద్దును చేత్తో తొలిచి చేసింది. ఎక్కడా మేకు లేదు, అతుకు లేదు. లోపల చెయ్యి పెడితే ఉలి నడిచిన దారి వేళ్లకు తెలుస్తుంది. బయట మెడ చుట్టూ తీగలు, పువ్వులు చెక్కి ఉంటాయి. కొన్నాళ్లకు నేను కళ్లు మూసుకుని వాసన చూసి ఇది నేతిది, ఇది గింజలది అని చెప్పేసేదాన్ని. వంటింట్లో పెరిగిన ముక్కు ఊరికే పోదు.

మా సెక్షన్ హెడ్‌కు మాత్రం తృప్తి లేదు. ఆవిడ ఇక్కడి గోధుమ పొలాల్లో పుట్టి పెరిగిన మనిషి. గుమ్మం తలకు తగులుతుందేమో అన్నంత పొడుగు. పాత వస్తువులు పాడవకుండా కాపాడడం ఆవిడ చదువు. రూలంటే రూలే. గ్యాలరీలోకి మంచినీళ్ల సీసాతో వచ్చిన డైరెక్టర్‌ని కూడా వెనక్కి పంపిన ఘనురాలు. "ఇవన్నీ ఎప్పుడో వాడి వదిలేసినవి. ఇప్పటికీ వాడుతున్నది ఒక్కటైనా కావాలి" అని పట్టుబట్టింది. నేపాలీ కిరాణా కొట్టులో నోటీసు అంటిస్తే కొన్నాళ్లకు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తను ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుందట.

"మా గ్రాండ్‌మా దగ్గర ఒకటుంది. దాని గురించి చెప్పడం మొదలుపెడితే ఇక ఆపదు. మీరే వినండి" అంది.

అలా వచ్చింది ఆమా. ఆమా అంటే వాళ్ల భాషలో అమ్మ. మనవరాలి నుంచి మా సెక్యూరిటీ గార్డు దాకా అందరూ అలాగే పిలిచేవారు. పొట్టి మనిషి, ముక్కున బులాకీ, కాళ్లకు పెద్ద పెద్ద స్నో బూట్లు. ఉన్ని శాలువాలో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి ఒక పాత్రను సిటీ బస్సులో తీసుకొచ్చింది. దాన్ని ఠేకి అంటారు. లావుపాటి పొట్ట, సన్నని మెడ, మూత. నేరేడుపండు రంగుకు తిరిగి, లోపల నున్నగా ఉంది. అది ఆవిడ అత్తగారిది. పక్కదేశపు కొండల్లో ఉన్న ఊరు వదిలి నేపాల్‌లోని శరణార్థుల శిబిరానికి పోయినప్పుడు వీపున కట్టుకున్నది అదొక్కటే. శిబిరం నుంచి విన్నిపెగ్‌కు విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.

ఆమాకు ఇంగ్లిష్ రాదు, నాకు నేపాలీ రాదు. ఇద్దరికీ వచ్చింది అంతంతమాత్రపు హిందీ. నా హిందీకి వ్యాకరణం లేదు, ఆవిడ హిందీకి పళ్లు లేవు. అయినా పెరుగు విషయం కనుక బాగానే అర్థమైంది.

"దీనికి తోడు వెయ్యక్కర్లేదు. గోరువెచ్చని పాలు పోసి మూత పెడితే తెల్లారేసరికి పెరుగు. పెరుగు దీని ఒంట్లోనే ఉంది. మా అత్త వేసిన తోడే ఇంకా నడుస్తోంది" అంది.

నేను నోరు తెరిచాను. తోడు లేక గిన్నె పట్టుకుని పక్కింటికి పరుగెత్తిన జాతి మనది. తోడు అడగక్కర్లేని పాత్ర ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమా ఇంకో మాట కూడా చెప్పింది.

"దీన్ని ఆరనివ్వకండి. ఎప్పుడూ ఏదో ఒకటి తాగుతూ ఉండాలి."

నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. హెడ్ శ్రద్ధగా తలూపింది. మేం చాలా జాగ్రత్తగా చూసుకుంటామని ఆమా రెండు చేతులూ పట్టుకుని మరీ చెప్పింది. అబద్ధం కాదు, చాలా జాగ్రత్తగానే చూసుకున్నాం. చిక్కంతా అక్కడే వచ్చింది.

మ్యూజియంలోకి చెక్క వస్తువు ఏది వచ్చినా ముందు పెద్ద ఫ్రీజర్‌లో పెట్టాలి. పురుగులుంటే చావాలి. "విన్నిపెగ్ జనవరిలో ఫ్రీజర్ ఎందుకు, పార్కింగ్‌లో పెడితే పోలా?" అనేవాడు మా కార్పెంటర్. అతను ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. తన జోక్‌కి తనే ముందు నవ్వి, మనం నవ్వామో లేదో చూసి, మళ్లీ నవ్వేవాడు. ఫ్రీజర్ నుంచి తీసిన ఠేకిని మెత్తని బ్రష్‌తో దులిపి, మిగతా పాత్రలతో పాటు అద్దాల పెట్టెలో పెట్టాం. పెట్టెలో గాలి ఎంత పొడిగా ఉండాలో లెక్కగా అమర్చాం. ఎప్పుడో వాడి వదిలేసిన పాత్రలకు ఆ గాలి చక్కగా సరిపోతుంది. ఆమా ఠేకికి అది నిలువునా ఉపవాసం. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ప్రదర్శన మొదలైన కొన్ని వారాలకు ఒక ఉదయం హెడ్ టార్చిలైటుతో పెట్టె ముందు వంగి నిలబడి ఉంది. నేను వెళ్లి చూశాను. ఠేకి మెడ కింద నుంచి పొట్ట దాకా సన్నని పగులు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఎపాక్సీ జిగురుతో నింపొచ్చు. పగులు ఇక పెరగదు" అంది.

"మరి అందులో పాలు పొయ్యడం?"

"కుదరదు. ఎప్పటికీ."

ఆమాకు చెప్పే ముందు తెలిసినవాళ్లను అడుగుదామని హెడ్ నేపాలీ సంఘం పెద్దకు ఫోన్ చేసి పిలిపించింది. ఖాట్మండులో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. టైతో వచ్చాడు. ఠేకి చుట్టూ ప్రదక్షిణ చేసి, గడ్డం గోక్కుని, "నిజం చెప్పాలంటే మా ఇంట్లో అన్నీ ప్లాస్టిక్ డబ్బాలే. పెరుగు వీధి చివరి షాపులో కొనేవాళ్లం" అన్నాడు. పోతూ పోతూ ఠేకి పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. మా కార్పెంటర్ ఆ వారమంతా గడ్డం గోక్కుంటూనే తిరిగాడు.

ఇక తప్పక ఆమాకు కబురు చేశాం. మనవరాలితో వచ్చింది. ఏడుస్తుందని నేను, కేసు వేస్తుందని హెడ్ భయపడుతున్నాం. ఆమా అద్దం మీదే పగులు వెంట వేలితో పైనుంచి కిందకు గీసింది. తర్వాత మావైపు తిరిగి, పక్కింట్లో వదిలి వెళ్లిన పిల్లవాడి గురించి అడిగినట్టు అడిగింది.

"ఎన్నాళ్లయింది దీనికి పాలు పట్టి?"

నేను తర్జుమా చేశాను. "మేము... వీటికి ఏమీ పట్టం" అంది హెడ్ చిన్న గొంతుతో.

ఆమా పెద్ద నిట్టూర్పు విడిచింది. "పగులుకు నాకు భయం లేదు. నీళ్లు తాగితే అదే మూసుకుంటుంది. దీని లోపలిది బతికుందో చచ్చిందో, అదీ నా భయం. ఊరు పోయింది, ఇల్లు పోయింది, గొడ్లు పోయాయి. అత్త చేతి పెరుగు ఒక్కటి నాతో వచ్చింది. పాలు పోస్తే దానంతటది తోడుకోవాలి. తోడుకోకపోతే ఇది వట్టి చెక్కబుర్ర."

అదంతా నేను మాట పొల్లుపోకుండా ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను.

గ్యాలరీలోకి నీళ్లసీసా రానివ్వని మనిషి ఒక మ్యూజియం వస్తువులో నీళ్లు పోయించాలి, ఆపైన పాలు. ఏమైనా అయితే ఆవిడ ఉద్యోగానికే మాట వస్తుంది. చివరికి తాళం తీసి, రెండు చేతులతో ఠేకిని ఎత్తి ఆమా చేతుల్లో పెట్టింది.

"ఇప్పుడిది మీది. మ్యూజియంది కాదు. కనుక నా రూల్స్ దీనికి వర్తించవు" అంది. తర్వాత నాకేసి చూసి, "లంచ్‌రూమ్ గ్యాలరీ కిందికి రాదు కదా?" అంది.

"రానే రాదు" అన్నాను నేను. ఆవిడలో ఇలాంటి లాయరు కూడా ఉందని నాకు తెలియదు.

లంచ్‌రూమ్ బల్ల మీద పెద్ద ట్రే పెట్టి, అందులో ఠేకి పెట్టి ఆమా గోరువెచ్చని నీళ్లు పోసింది. పోసింది పోసినట్టే పగులులోంచి కారింది. మళ్లీ పోసింది, మళ్లీ కారింది. ట్రే నిండింది, బల్ల తడిసింది, కార్పెంటర్ మాప్ తెచ్చాడు. "ఇది ఠేకి కాదు, నయాగరా" అని తనే నవ్వాడు. భోజనాలకు వచ్చినవాళ్లు కూడా శాండ్‌విచ్‌లు చేత్తో పట్టుకుని నిలబడి చూశారు. ఆమా మాత్రం తొందరలేకుండా కెటిల్ తర్వాత కెటిల్ పోస్తూ, మధ్యమధ్య దానితో ఏదో మాట్లాడుతూ ఉంది. మధ్యాహ్నానికి కారడం తగ్గి చుక్కలయింది. సాయంత్రానికి ఆ చుక్కలు కూడా ఆగిపోయాయి. చెక్క ఉబ్బి పగులు నోరు మూసుకుంది. హెడ్ భూతద్దం పెట్టి చూసి, "నేను చదివిన చదువులో ఇది లేదు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

తర్వాత పాలు. మైక్రోవేవ్‌లో కాచామని తెలిసి ఆమా చెంపలు వేసుకుంది గాని, వేలు ముంచి చూసి సరేనంది. ఆ రోజు నేను లంచ్‌కని చిన్న స్టీలు డబ్బాలో తెచ్చుకున్న మా ఇంటి పెరుగు ముట్టకుండా అలాగే ఉంది. గడ్డపెరుగు, చూస్తేనే కడుపు నిండేది.

"ఎందుకైనా మంచిది, ఒక్క చుక్క వేద్దామా ఆమా?"

"వద్దు. ఎవరూ ఏమీ వెయ్యొద్దు. బతికుంటే దానంతటదే లేస్తుంది."

మూత పెట్టి, శాలువా చుట్టి, హీటర్ పక్కన పెట్టాం. హెడ్ స్వయంగా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ముట్టుకోరాదని రాసి దానికి ఆనించింది. నా డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే ఆమా, మనవరాలు మొదటి బస్సుకే వచ్చేశారు. ఆమా శాలువా విప్పి మూత తీసింది. తెల్లగా, కదలకుండా, అద్దంలా పెరుగు! గరిటె నిలబడింది. కార్పెంటర్ ఈల వేశాడు. నేను ఆనందం పట్టలేక మనవరాలిని కావిలించుకున్నాను. హెడ్ మాత్రం ఎందుకో గోడ మీది గడియారం చూస్తోంది.

ఆమా నడుమనుంచి ఒక చెంచా తీసి నోట్లో పెట్టుకుంది. ఆవిడ మొహం చూసి నా ఉత్సాహం చల్లారింది.

"తియ్యగా ఉంది" అంది.

నేనూ చెంచా పెట్టి రుచి చూశాను. సందేహం లేదు. డబ్బా పెరుగు, సూపర్‌మార్కెట్‌ది. నేను కార్పెంటర్ వైపు తిరిగాను. అతను రెండు చేతులూ పైకెత్తాడు.

"ఒక్క స్పూనే, మేడమ్! అందరూ వెళ్లాక జాలేసింది!"

"నేను కూడా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. చూస్తే మా హెడ్! కందగడ్డలా ఎర్రబడింది ఆవిడ మొహం. "నా లంచ్‌లోది. అది తోడుకోకపోతే ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు నాకు."

ముట్టుకోవద్దని కాగితం పెట్టింది ఎవరండీ? ఇప్పుడు అందరి కళ్లూ నా మీద పడ్డాయి. పెరుగు డబ్బా తెచ్చింది నేనే కదా. నేను హుందాగా ఫ్రిజ్ తెరిచి, నా డబ్బా తీసి, మూత తెరిచి మీగడ కూడా చెదరని నా పెరుగు అందరికీ చూపించాను. జీవితంలో నేను నిర్దోషిగా నిలబడ్డ సందర్భాలు తక్కువ. అందుకే దీన్ని పదే పదే చెబుతుంటాను.

ఆమాకు ఎలా చెప్పాలా అని నేను హిందీ వెతుక్కుంటుంటే, మనవరాలు వాళ్ల భాషలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆమా కాసేపు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చెంచా పక్కన పెట్టేసి, చూపుడువేలు ఠేకి లోపలి గోడ వెంట గీసింది. చెక్కకు అంటుకున్న పెరుగు వేలికి వచ్చింది. వాసన చూసింది, నాకింది. కళ్లు మూసుకుంది.

"ఇది మాదే!" అని అరిచింది. "బతికే ఉంది!"

నన్నూ తీసి చూడమంది. అంచున ఉన్న పెరుగు వేరు. పులుపు పదునుగా ఉంది, దాని వెనక పొగ. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పక్కన కూర్చున్న చెక్క వాసన అది. నడుమ సూపర్‌మార్కెట్, అంచున ఆమా అత్తగారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. హెడ్ కుర్చీలో కూలబడి క్షమాపణలు చెప్పడం మొదలుపెట్టింది. ఆమా ఆవిడ తల మీద చెయ్యి వేసింది. కూర్చుంటే గాని అందే ఎత్తు కాదు కదా.

"నువ్వు జాలితో వేశావు. శిబిరంలో మా పక్క గుడిసె ఆవిడ కూడా ఇలాగే వేసింది ఒకసారి. కొన్నాళ్లు దాని రుచే వచ్చింది. మళ్లీ మళ్లీ పాలు పోస్తే అంచుది నడుమకు వస్తుంది. రాకపోతే అప్పుడు నిన్ను తిడతాను" అంది.

ఠేకిని ఇంటికి తీసుకుపోతుందనే అనుకున్నాం. తీసుకుపోయే హక్కు ఆవిడకుంది. కానీ ఆమా ఒక షరతు మీద ప్రదర్శన అయ్యేదాకా ఉంచుతానంది. ప్రతి వారం దానికి పాలు పట్టాలి. సోమవారం మ్యూజియానికి సెలవు. ప్రతి సోమవారం హెడ్ అద్దాల పెట్టె తాళం తీసి, ఠేకిని ఆమా చేతికిచ్చి, "ఇప్పుడిది మీది" అనేది. లంచ్‌రూమ్‌లో పాలు పోసేవాళ్లం. మర్నాడు తలుపులు తెరిచేలోపు పెరుగు తీసి, సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, మళ్లీ పెట్టెలో పెట్టేవాళ్లం. మిగతా పాత్రలకు తేమ తగలకుండా కార్పెంటర్ ఠేకికి విడిగా ఒక పెట్టె కట్టాడు. సందర్శకులు అద్దం ముందు నిలబడి, పురాతన వస్తువు అని గుసగుసగా చెప్పుకుంటుంటే వెనక నేను నోరు మూసుకోవడానికి చాలా కష్టపడేదాన్ని. ఉదయమే అందులోంచి పెరుగు తిని వచ్చినదాన్ని మరి.

మంగళవారం పొద్దున్న లంచ్‌రూమ్‌లో గిన్నెలతో క్యూ ఉండేది. కార్పెంటర్ మామిడి ముక్కలు తెచ్చుకునేవాడు. నేను పులిహోర తెచ్చేదాన్ని. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఈ ఠేకిలో ఎవరు ఎవరవుతారో అని అందరికీ పందెమే. ప్రతిసారీ ఆమా ముందు అంచుది, తర్వాత నడుమది రుచి చూసి, పెదవి విరిచి, "ఇంకా దుకాణమే" అనేది. హెడ్ మొహం వాడిపోయేది. ఆవిడ మధ్యాహ్నం లంచ్‌కు పెరుగు తేవడం కూడా మానేసింది. పాపం, ఆ డబ్బా చూస్తే తనకే సిగ్గుగా ఉందట.

మంచు కరగడం మొదలయ్యాక ప్రదర్శన ముగిసింది. ఆఖరి మంగళవారం. ఆ రోజు ఠేకి ఇంటికి వెళ్లిపోతుంది. దాని కోసం నేను చేసిన డబ్బా సిద్ధంగా ఉంది గాని, ఆమా దాన్ని చూసి నవ్వి శాలువానే పరిచింది. మూత తీసింది. అందరం బల్ల చుట్టూ మూగాం. ఈసారి ఆవిడ రుచి చూడలేదు. సరిగ్గా నడుమనుంచి, అంచుకు ఎక్కడా తగలకుండా ఒక చెంచా తీసి మా హెడ్‌కు అందించింది.

ఆవిడ భయపడుతూ నోట్లో పెట్టుకుంది. చాలాసేపు మింగలేదు.

"స్మోక్" అంది.

ఇంగ్లిష్ రాని ఆమాకు ఆ మాట ఎవరూ తర్జుమా చెయ్యాల్సిన పని లేకపోయింది. అంత పొడుగు మనిషిని నడుం దగ్గర చుట్టేసి పట్టుకుని, చెంచా ఆవిడ చేతిలో ఉండగానే గిరగిరా తిప్పింది. అప్పుడు నేను ఏడ్చానని మా కార్పెంటర్ ఇప్పటికీ అందరికీ చెబుతుంటాడు. పెరుగు బాగా పులిసి కళ్లలో నీళ్లొచ్చాయని నేను చెబుతుంటాను. ఎవరి మాట నమ్ముతారో మీ ఇష్టం.